పాత గోలీ, కొత్త రోగం

2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక పోలింగ్ జరిగింది. కరోనా రోగులకు ఇస్తున్న రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ధర తగ్గించామని ఢిల్లీ నుంచి కబురు వచ్చిందీ ఆ రోజే. అంతకు మూడు రోజుల ముందు హాలియాలో ముఖ్యమంత్రి బహిరంగ సభ. పోలింగ్ ముగిసిన రెండో రోజున ఆయనకే కరోనా సోకిందని ప్రకటన. ఆ ఇంజెక్షన్లలో హెటిరో వారి కోవిఫర్ సీసా 5,400 రూపాయల నుంచి 3,490కి, డాక్టర్ రెడ్డీస్ వారి రెడిక్స్ 5,400 నుంచి 2,700కి దిగాయి. ధర దిగింది గాని సరుకు దొరకలేదు. ఒక రోగికి మొదటి రోజు రెండు సీసాలు, తర్వాత నాలుగు రోజులు ఒక్కొక్కటి, మొత్తం ఆరు. ఆ ఆరింటి కోసం హైదరాబాద్ దాకా బండ్ల మీద పోయినవాళ్లు మా వైపు ఎంతోమంది.

ఆ సూది కోసం అంతగా తిరగవలసిన పని ఉన్నదా అన్నది నాగార్జునసాగర్ నందికొండలో ఒక మేనమామకూ మేనకోడలికీ మధ్య నేటికీ తెగని తగాదా. ఆయన పైలాన్ కాలనీలో ఏండ్లుగా మందుల దుకాణం నడుపుతున్నారు. ఆమె డాక్టరు. 2020, 2021లో హైదరాబాద్‌లో సర్కారు దవాఖాన కోవిడ్ వార్డుల్లో పనిచేసి, ఇప్పుడు వైద్య విద్యార్థులకు ఔషధ శాస్త్రం చెబుతోంది. వాళ్ల మాటలను ఇక్కడ రాసిపెడుతున్నాను. తిరిగి తిరిగి వచ్చినవి తీసేశాను, కోపతాపాలు తీసేయలేదు. ఆచార్య నాగార్జునుడు తన ‘విగ్రహవ్యావర్తని’లో ఎదుటివారి ఆక్షేపణలన్నీ ముందు వరసగా పెట్టి, ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టాడు. ఆయన పేరు మోస్తున్న నేల మీద అదే మర్యాద పాటించాలి కాబట్టి మొదటి మాట మామది.

మేనమామ: నువ్వు పుస్తకం మాట్లాడతవు బిడ్డా, నేను కౌంటర్ మాట్లాడత. 2020 మార్చిల కొత్త రోగమొచ్చింది. మందు లేదు, టీకా లేదు. కొత్త మందు పుట్టాల్నంటే పదేండ్లు పడతదని మీరే చెప్తరు. అప్పటిదాక ఊపిరాడని మనిషి ఆగుతడా? అల్మారల ఉన్న మందులల్ల ఏదన్న పనికొస్తదేమో చూసుడు తప్పెట్ల అయితది? పాత మందుకు ఒక గుణమున్నది. దాని మోతాదు తెలుసు, దాని చెడు తెలుసు, తయారు చేసే కార్ఖానా ఉన్నది.

మేనకోడలు: చూసుడు తప్పని నేననలే మామా. మనం చూసినమా అని అడుగుతున్న. ఇచ్చినం. చూడలే.

మేనమామ: మాట బాగున్నది. కానీ చరిత్ర నా దిక్కు ఉన్నది. ఎయిడ్స్‌కు మొదటి మందు ఏజెడ్‌టీ. దాన్ని 1964ల అమెరికాల జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారు చేసిండు. పనిచేయక మూలకు పడ్డది. ఇరవై ఏండ్లకు అదే గోలీ ఎయిడ్స్ రోగులకు ప్రాణమిచ్చింది. దాన్ని ఇండియాల చవకగ చేసే పద్ధతి ఎక్కడ పుట్టింది? మన తార్నాక ఐఐసీటీల, ఏ.వి.రామారావు గారి చేతుల మీద. సిప్లా దాన్ని బజారుకు తెచ్చింది. అంతకు ముందు సంగతి చెప్పాల్నా? భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాల లెడర్లీ కంపెనీల మెథోట్రెక్సేట్ మీద పనిచేయించిండు. అది క్యాన్సర్ మందు. ఇయ్యాల నా దుకాణంల అది ఎవరికి పోతున్నదో తెలుసా? కీళ్లవాతం ఆడోళ్లకు. వారానికొక గోలీ. పాత మందుకు కొత్త పని చెప్పుడు మన తెలుగోళ్ల వృత్తే అనుకో.

మేనకోడలు: ఏజెడ్‌టీ కథ నువ్వు సగమే చెప్పినవు. మిగిలిన సగం నా దిక్కు ఉన్నది. 1986ల అమెరికాల 282 మంది ఎయిడ్స్ రోగులను తీసుకున్నరు. చీటీ వేసినట్టు వేసి కొందరికి ఏజెడ్‌టీ, కొందరికి ఉత్త గోలీ. ఎవరు ఏది మింగుతున్నరో రోగికి తెలియదు, డాక్టరుకు తెలియదు. కొన్ని నెలలకు లెక్క చూస్తే ఉత్త గోలీ దిక్కు 19 మంది చచ్చిపోయిన్రు, ఏజెడ్‌టీ దిక్కు ఒక్కరు. ఆపేసి అందరికీ మందు ఇచ్చిన్రు. 1987ల అనుమతి. అంటే ఆ గోలీ మూల నుంచి లేచి వచ్చింది నమ్మకంతోని కాదు, లెక్కతోని. మెథోట్రెక్సేట్ అయినా అంతే. కీళ్లవాతానికి పనిచేస్తదని ఏండ్లుగా కొందరు డాక్టర్లు ఇస్తున్నా, పరీక్షల్ల తేలినంకనే 1988ల అమెరికా ఒప్పుకున్నది.

ఇక్కడ నా మాట ఒకటి. మామ చెప్పిన రెండు ఉదాహరణలూ నిజం, గొప్పవి కూడా. కానీ గెలిచిన పాత మందుల పేర్లే మనకు గుర్తుంటాయి. కొత్త జబ్బు మీద ప్రయత్నించి ఓడిపోయిన వాటి జాబితా ఎవరూ గోడ మీద రాసుకోరు. కరోనా కాలంలో ఆ జాబితా మన కళ్ల ముందే పెరిగింది.

మేనకోడలు: హైడ్రాక్సీక్లోరోక్విన్ యాదికున్నదా?

మేనమామ: ఎట్ల మరుస్త? 2020 మార్చిల ఐసీఎంఆర్ వాళ్లే డాక్టర్లను, నర్సులను ముందు జాగ్రత్తగ వేసుకోమన్నరు. ఆ వారంల నా దుకాణం ముందు లైను. రోగం లేనోళ్లు, భయమున్నోళ్లు. తర్వాత సర్కారు దాన్ని చీటీ లేకుండ అమ్మొద్దని గట్టి షెడ్యూల్‌ల పెట్టింది. అమెరికా కూడా మనల్ని అడిగింది. ఆ మందు మీద ఏండ్లుగా బతుకుతున్న ఒక కీళ్లవాతం అమ్మ నా కౌంటర్ ముందు నిలబడి ఏడ్చింది బిడ్డా. ఆమెకు ఇద్దామంటే నా దగ్గర గోలీ లేదు.

మేనకోడలు: ఆ అమ్మ దగ్గరి నుంచి గుంజుకొని మనం ఏం సాధించినం? అది వైరస్‌ను చంపుతదని చూపించింది కోతి మూత్రపిండం కణాల మీద, గాజు పళ్లెంల. మనిషి ఊపిరితిత్తుల కణాల మీద పెట్టి చూస్తే పనిచేయలే. ఎందుకంటే ఆ కోతి కణంలకు వైరస్ ఒక తొవ్వల పోతది, మన ఊపిరితిత్తి కణంలకు ఇంకో తొవ్వల. ఆ గోలీ మూసేది మొదటి తొవ్వను. బ్రిటన్‌ల రికవరీ ట్రయల్ 2020 జూన్ 5న ఆ మందును పక్కకు పెట్టింది. అదే నెల 29న హెచ్ఐవీ మందు లోపినావిర్-రిటోనావిర్‌ను కూడా. దాన్ని మార్చిల్నే చైనాల 199 మంది మీద చూసి లాభం కనబడలేదన్నరు. ఐవర్‌మెక్టిన్ కూడా గట్లనే. పళ్లెంల వైరస్ చచ్చిన గాఢత రావాల్నంటే మనిషికి మామూలు మోతాదు ఏ మూలకూ చాలదు. మనోళ్లు మాత్రం 2021 సెప్టెంబర్ దాక హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను, ఐవర్‌మెక్టిన్‌ను జాతీయ మార్గదర్శకాల నుంచి తీయలే.

మేనమామ: పెద్ద పెద్ద పత్రికలు తప్పులు రాయలేదా? 2020 మేల ‘లాన్సెట్’ల హైడ్రాక్సీక్లోరోక్విన్ మనుషులను చంపుతున్నదని రాసిన్రు. రెండు వారాలు కాకముందే ఆ లెక్కలు ఎక్కడివో చూపియ్యలేక వెనక్కు తీసుకున్నరు. ఆ కాయితం చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌ల ఆ మందు ఇచ్చుడు కొన్నాళ్లు ఆపింది. మీరు లెక్క లెక్క అంటరు. లెక్క కూడా దొంగదైతే?

మేనకోడలు: దొంగ లెక్కను పట్టుకున్నది కూడా లెక్క తెలిసినోళ్లే. ఆ కాయితం రాసినోళ్లు రోగులకు చీటీ వేయలే. ఏదో డేటాబేస్‌ల నుంచి అంకెలు తీసినమన్నరు. నేను అడిగేది అది కాదు. మనిషి ఎదురుగ ఉండాలె, చీటీ పడాలె, ఇరవై ఎనిమిదో రోజు ఆ మనిషి ఉన్నడా లేడా చూడాలె.

మేనమామ: సరే. ఫావిపిరవిర్ సంగతి చూడు. జపాన్‌ల ఫ్లూ మందు. 2020 జూన్‌ల గ్లెన్‌మార్క్ ఫాబిఫ్లూ అని తెచ్చినప్పుడు గోలీ 103 రూపాయలు. మొదటి రోజు పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది. ఆ తర్వాత పూటకు నాలుగు. పద్నాలుగు రోజులకు 122 గోలీలు. పన్నెండు వేలు దాటింది. కూలికి పొయ్యేటోడు ఎక్కడ తెస్తడు? అప్పుడు మన హైదరాబాద్ కంపెనీలు దిగినయి. హెటిరో 59కి ఇచ్చింది. ఐఐసీటీ పద్ధతితోని సిప్లా 68కి ఇచ్చింది. ఆగస్టుకు ఎంఎస్ఎన్ 33 రూపాయలకు పట్టుకొచ్చింది. పన్నెండు వేల మందు రెండు నెలలల్ల నాలుగు వేలకు దిగింది. ఇది చిన్న సంగతా? పోలేపల్లి సెజ్‌ల, జీడిమెట్లల, పాశమైలారంల పనిచేసే పోరగాళ్లు రోగమొస్తదని తెలిసి కూడా డ్యూటీకి పోయిన్రు బిడ్డా. నువ్వు ఆ చెమటను తక్కువ చేయొద్దు.

ఈ మాట దగ్గర ఆమె కాసేపు ఊరుకుంది. ఆమె ఊరుకోవడం సబబే అనిపించింది నాకు. పోలేపల్లిలో భూములు పోగొట్టుకున్న పాలమూరు రైతుల కథ వేరే చెప్పాలి. ఆ భూముల్లో లేచిన కార్ఖానాల్లోనే వాళ్ల పిల్లలు మందు గోలీలు ఒత్తుతున్నారు. ఆపత్కాలంలో ఒక మందును నెలల్లో తయారుచేసి ధర మూడో వంతుకు దించగల శక్తి ప్రపంచంలో కొద్ది చోట్లే ఉంది. అందులో హైదరాబాద్ ఒకటి. ఇది గర్వించవలసిన సంగతే. బాధంతా ఆ శక్తిని ఏ మందు మీద ఖర్చు పెట్టామన్న దగ్గరే.

మేనకోడలు: చెమటను తక్కువ చేయను మామా. ఆ చెమట ఉత్తగ పోయిందే అని నా ఏడుపు. ఫాబిఫ్లూకు అనుమతి వచ్చిన ట్రయల్‌ల ఎంతమంది ఉన్నరు? 150 మంది. మందు తీసుకున్నోళ్లకు వైరస్ పోవడానికి సగటున 5 రోజులు, తీసుకోనోళ్లకు 7. వినడానికి బాగుంటది. కానీ అంత చిన్న గుంపుల ఆ రెండు రోజుల తేడా ఉత్త అదృష్టంతోని కూడా రావచ్చని వాళ్ల లెక్కనే చెప్పింది. చావులు తగ్గినయా అని చూసేటంత మంది అందుల లేనే లేరు. జపాన్ దాన్ని 2014ల ఎందుకు ఒప్పుకున్నదో తెలుసా? వేరే ఏ ఫ్లూ మందూ పనిచేయని కొత్త ఫ్లూ వస్తే, సర్కారు చెప్తేనే వాడాలె. గర్భంల ఉన్న పిల్లకు చెడు చేస్తదని అంత కట్టుదిట్టం. అదే గోలీ మన దగ్గర చీటీ మీద వీధి వీధికి పోయింది. నీ కౌంటర్ ముందు నిలబడ్డ ఆడపిల్లను నెల తప్పినవా అని అడిగినవా?

మేనమామ: ... కొందరిని అడిగిన. లైన్‌ల అందరినీ ఎట్ల అడుగుత?

మేనకోడలు: నిన్ను అనడం కాదు. ఆ ప్రశ్న నీ మీద పడకుండ చూడాల్సిన ఏర్పాటు వేరే ఉండాలె అంటున్న.

తర్వాత మాట రెమ్‌డెసివిర్ మీదికి పోయింది. నందికొండలో ఇప్పటికీ ఎక్కువగా మాట్లాడుకునే మందు అదే కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. అమెరికాలోని గిలియడ్ కంపెనీ దాన్ని మొదట హెపటైటిస్ సి, ఊపిరితిత్తుల వైరస్‌ల కోసం వెతుకుతూ తయారుచేసింది. తర్వాత ఎబోలా మీద పెట్టారు. కాంగోలో జరిగిన ట్రయల్‌లో వేరే చికిత్సలు దానికంటే ఎక్కువ మందిని బతికించాయని 2019 ఆగస్టులో పక్కన పెట్టారు. ఆరు నెలలు తిరగకముందే, 2020 జనవరిలో, అమెరికాలో తొలి కోవిడ్ రోగికి అదే మందు ఎక్కించారు.

మేనకోడలు: ఆ మందు తెలివిగలదే మామా. వైరస్ మన కణంల జొచ్చి తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీస్తది. పుట్టపాక మగ్గం అనుకో, పోగు మీద పోగు. రెమ్‌డెసివిర్ అసలు పోగు తీరుగనే కనబడే దొంగ పోగు. కరోనా వైరస్‌కు తప్పు పోగును పట్టి కత్తిరించే ఎంజైమ్ ఒకటున్నది. చాలా పాత మందులు దీని మీద నడవకపోవడానికి అదొక కారణం. రెమ్‌డెసివిర్ నేతల కలిసినంక ఇంకో మూడు పోగులు మామూలుగనే నడుస్తయి. ఆ తర్వాత మగ్గం ఆగుతది. తప్పు ఎక్కడున్నదో చూసే సరికి అది నేత లోపల పడి ఉంటది. కానీ మగ్గం నడుస్తున్న రోజులల్లనే కదా దాన్ని ఆపితే లాభం? కోవిడ్‌ల వైరస్ జోరు మొదటి వారమే. రెండో వారంల ఆయాసం వచ్చి, ఆక్సిజన్ పడిపోయి, మనిషిని తెచ్చి దవాఖానల పండబెట్టే సరికి నేత అయిపోయింది. అప్పుడు చంపుతున్నది వైరస్ కాదు, దాని మీద మన ఒళ్లు చేస్తున్న యుద్ధం.

మేనమామ: అయితే ఆ సూది వట్టిదేనా? 2020ల అమెరికా ట్రయల్ పదిహేను రోజులల్ల కోలుకునేటోళ్లు పది రోజులల్ల కోలుకున్నరని చెప్పలేదా?

మేనకోడలు: చెప్పింది. 1,062 మంది మీద చూసిన్రు. అది నిజమే. చావులు తగ్గినయని మాత్రం గట్టిగ తేలలే. 2020 అక్టోబర్‌ల ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్ లెక్క వచ్చింది. రెమ్‌డెసివిర్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లోపినావిర్, ఇంటర్‌ఫెరాన్, నాలుగింటికి నాలుగు దవాఖానల ఉన్న రోగుల చావులను తగ్గించినట్టు కనబడలే. నవంబర్ 20న ఆ సంస్థ రెమ్‌డెసివిర్ వద్దన్నది. అంటే మనోళ్లు హాలియా నుంచి, పెద్దవూర నుంచి సీసాల కోసం ఉరికే రోజులకు ఐదు నెలల ముందు. మన కేంద్ర మార్గదర్శకాలల్ల కూడా అది ‘ఆలోచించవచ్చు’ అన్న మందే, తప్పనిసరి కాదు. అయినా ప్రతి చీటీ మీద అదే రాసిన్రు. ఏప్రిల్ 11న ఎగుమతి ఆపిన్రు, 17న ధర తగ్గించిన్రు. దొంగ బజార్ల నకిలీ సీసాలు దొరికినయి. బంగారం కుదువబెట్టి కొన్నోళ్లకు ఆ సీసల ఏమున్నదో కూడా తెలియదు.

మేనమామ: మొత్తం చెప్పు. నువ్వే నాకు ఒకసారి చెప్పినవు, తర్వాత మాట మారిందని.

మేనకోడలు: మారలే, సన్నగైంది. 2022ల సాలిడారిటీ ఆఖరి లెక్క వచ్చింది, 14 వేలకు పైగ రోగులతోని. వెంటిలేటర్ మీద ఉన్నోళ్లకు లాభం లేదు. ఆక్సిజన్ మీద మాత్రమే ఉన్నోళ్లల్ల చావులు నూటికి 16.3 నుంచి 14.6కు తగ్గినయి. ఇంకొక ట్రయల్‌ల ఆసుపత్రిల చేరని, ముప్పు ఎక్కువున్న రోగులకు మొదటి వారంలనే మూడు రోజులు ఎక్కించి చూసిన్రు. దవాఖాన పాలయ్యేటోళ్లు 5.3 శాతం నుంచి 0.7 శాతానికి పడిపోయిన్రు.

మేనమామ: చూసినవా! అదే మందు!

మేనకోడలు: అదే మందు, వేరే రోజు. మనం ఇచ్చింది పదో రోజు. అది పనిచేసేది మూడో రోజు. మూడో రోజు మనిషి ఎక్కడుండె మామా? ఇంట్ల పండుకొని, టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించుకుంటుండె.

ఈ వాదంలో నేను నేర్చుకున్నది ఇక్కడే ఉంది. మందు మంచిదా చెడ్డదా అని మనం అడుగుతాం. ఎవరికి, ఎన్నో రోజున అని అడగం. డెక్సామెథసోన్ అందుకు పెద్ద సాక్ష్యం. అది వైరస్ మందు కాదు, 1950ల నాటి స్టెరాయిడ్, ప్రతి ఊరి దుకాణంలో ఉండేది. బ్రిటన్ రికవరీ ట్రయల్ 2020 మార్చిలో మొదలై జూన్ 16కల్లా దాని లెక్క తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3కు. ఆక్సిజన్ అక్కరలేనివారిలో మాత్రం లాభం లేదు సరికదా, మందు తీసుకున్న వాళ్లలో 17.8 శాతం, తీసుకోనివాళ్లలో 14 శాతం చనిపోయారు. మూడు వరసల్లో మూడు రకాల జవాబు. కోవిడ్‌లో ప్రాణం కాపాడుతుందని మొట్టమొదట రుజువైన మందు ఈ పాత స్టెరాయిడే. మామ వాదానికి ఇంతకంటే బలం ఎక్కడ దొరుకుతుంది? కానీ మన దగ్గర జ్వరం వచ్చిన రెండో రోజే, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లకు, షుగర్ చూడకుండా అదే ఇచ్చారు. 2021 మే 20న తెలంగాణ బ్లాక్ ఫంగస్‌ను తప్పక నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ దవాఖాన ఆ రోగులతో నిండిపోయింది. అదుపు తప్పిన షుగర్, అక్కరలేని స్టెరాయిడ్, ఈ రెండూ ఆ విపత్తుకు దారి వేశాయి.

మేనమామ: ఇప్పుడు నేనొకటి అడుగుత. కోపం తెచ్చుకోకు. చీటీ వేసి సగం మందికి మందు, సగం మందికి ఉత్త గోలీ అంటున్నవు. ఆ రోజు మీ అమ్మ, నా చెల్లె, ఆక్సిజన్ పడిపోయి మంచం మీద ఉంటే ఆమెకు కూడా చీటీ వేస్తుంటివా?

మేనకోడలు: వేస్తుంటి.

మేనమామ: కన్నతల్లికి?

మేనకోడలు: కన్నతల్లికే. ఏది మంచిదో నాకు తెలిసి ఉంటే చీటీ వేయను, అది ఇస్త. తెలియనప్పుడు నేను చేసేది ఎట్లయినా చీటీనే మామా. రాసేటోని మనసుకు తోచింది, దుకాణంల దొరికింది, రిప్రజెంటేటివ్ చెప్పింది, ఆ రోజు టీవీల వచ్చింది, అదీ చీటీనే. ఆ చీటీకి పుస్తకం లేదు, అంతే తేడా. మంచిగైతే మందు వల్ల అంటం, పోతే తలరాత అంటం. మన దేశంల కోట్ల మందికి ఆ గోలీలు పోయినయి. అందుల వెయ్యి మంది ఏమైన్రో మనం సరిగ రాసిపెట్టుకుంటే ప్రపంచానికి మనమే చెప్పేటోళ్లం.

మేనమామ: పేదోని మీద ప్రయోగం అంటే మాకు తెలిసింది వేరే బిడ్డా. 2009ల ఖమ్మం జిల్లాల గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన్రు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టిన్రు. 2010 ఏప్రిల్‌ల సర్కారు దాన్ని ఆపింది. పార్లమెంట్ కమిటీ తప్పుపట్టింది. దేవరకొండ తండాలల్ల పోయి ‘నీకు చీటీ వేస్తం, సంతకం పెట్టు’ అంటే ఎవరు నమ్ముతరు?

మేనకోడలు: ఆ ఖమ్మం సంగతి మాకు క్లాసుల చెప్తరు. ఆ తర్వాత చనిపోయిన పిల్లల చావులకు టీకా కారణం కాదని విచారణల తేలింది. అయినా సంతకం సంగతి క్షమించేది కాదు. దాని తర్వాత నియమాలు గట్టిపడ్డయి, కొన్ని ట్రయల్స్‌ల సమ్మతిని వీడియో తీయాల్సిందే, 2019ల కొత్త రూల్స్ వచ్చినయి. కానీ నువ్వు ఒక్కటి చూడు. 2020, 21లల్ల ఎవరి సంతకం లేకుండ, ఎవరికీ చెప్పకుండ, రుజువు లేని మందు జిల్లా మొత్తానికి ఇచ్చినం. అది ప్రయోగం కాదా? మాట చెప్పని ప్రయోగం, కాయితం లేని ప్రయోగం. ఖమ్మంల కనీసం ఎవరు జవాబుదారో తెలిసింది.

ఆయన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు మాత్రం, ఈ వాదం మొత్తంలో నాకు అన్నిటికంటే న్యాయమనిపించిన మాట చెప్పారు.

మేనమామ: సరే, ఒప్పుకుంట అనుకో. చీటీ వేయాలె. ఎక్కడ వేస్తరు? గాంధీల, నిమ్స్‌ల. నందికొండ మనిషి అక్కడికి చేరే సరికి ఎన్నో రోజు? నువ్వే అన్నవు పదో రోజని. మీ వైరస్ మందు మూడో రోజు మందు. మూడో రోజు మనిషి నా కౌంటర్ ముందు ఉంటడు, ఆర్‌ఎంపీ దగ్గర ఉంటడు, హిల్ కాలనీ కమలా నెహ్రూ దవాఖాన మెట్ల మీద ఉంటడు. మీ ట్రయల్ అక్కడ లేదు. అంటే మీ లెక్క కూడా మా మనిషిది కాదు. పట్నంల పెద్ద దవాఖానకు చేరగలిగినోడిది.

మేనకోడలు: ఆ మాట నిజం మామా. దానికి నా దగ్గర అడ్డం లేదు.

మేనమామ: 2022 జనవరిల మోల్నుపిరవిర్ వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ గోలీ 35 రూపాయలు, నలభై గోలీలకు 1,400. మంచి ధర. మీ ఐసీఎంఆర్ పెద్దాయన అదే నెలల దాన్ని మార్గదర్శకాలల్ల పెట్టలేదని, భయాలున్నయని చెప్పిండు. అప్పటికే నా దుకాణంల సరుకున్నది. నేనేం చేయాలె?

మేనకోడలు: ఆ మందు గతి కూడా లెక్కతోనే తేలింది. మొదట ముప్పును సగానికి సగం తగ్గిస్తదన్నరు, ఆఖరి లెక్కకు అది ముప్పై శాతమైంది. తర్వాత బ్రిటన్‌ల టీకా వేసుకున్నోళ్ల మీద చూస్తే దవాఖానకు పోయేటోళ్లు తగ్గలే, కోలుకునుడు మాత్రం కొన్ని రోజులు ముందైంది. ఆ ట్రయల్ ఎట్ల చేసిన్రో విను. పానొరామిక్ అని పేరు. 25 వేలకు పైగ మనుషులు. పెద్ద దవాఖానకు రమ్మనలే. ఇంట్ల పాజిటివ్ వచ్చినోళ్లను మొదటి ఐదు రోజులల్లనే చేర్చుకొని, మందు ఇంటికి పోస్టుల పంపిన్రు. రికవరీ ట్రయల్ కూడా 175కు పైగ మామూలు సర్కారు దవాఖానలల్ల నడిచింది. పేజీల కొద్ది ఫారాలు లేవు. ఇరవై ఎనిమిదో రోజు మనిషి ఏమైండో రాస్తే చాలు. నువ్వడిగిన పద్ధతి ఉన్నది మామా. మన దగ్గరికే రాలే.

మేనమామ: ఎందుకు రాదు? 2021 మేల ఆశా అక్కలు ఇల్లిల్లు తిరిగి జ్వరం సర్వే చేయలేదా? మందుల కిట్టు చేతికియ్యలేదా? వాళ్లు పోని తండా ఉన్నదా?

మేనకోడలు: అదే నేను మా కాలేజీల మొత్తుకుంటున్న. ఆ కిట్టు అందరికీ ఒకటే ఇచ్చినం. నిజంగ తెలియని మందు విషయంల, అడిగి, ఒప్పుకున్నోళ్లకు, రెండు రకాల కిట్లు ఇచ్చి, నాలుగు వారాలకు ఒక్కసారి ఆ ఇంటి తలుపు తట్టి ఉంటే, నల్లగొండ జిల్లా ఒక్కటే ప్రపంచానికి ఒక జవాబు ఇచ్చేది.

మేనమామ: మందు కూడా మనదే.

మేనకోడలు: మందు కూడా మనదే. ఫైజర్ వారి పాక్స్‌లోవిడ్‌ల రెండు మందులున్నయి. ఒకటి కొత్తది, నిర్మాట్రెల్విర్. రెండోది మన పాత రిటోనావిర్, లోపినావిర్‌తోని కలిసి కరోనాను ఆపలేక ఓడిపోయిన హెచ్ఐవీ గోలీ. ఇప్పుడు దాని పని కొత్త మందును కాలేయం తొందరగ కరిగించకుండ కాపలా కాయడం. మూడు రోజుల లోపల మొదలుపెడితే, టీకా వేసుకోని, ముప్పున్నోళ్లల్ల దవాఖాన పాలయ్యేది, చావు, కలిపి 89 శాతం తగ్గినయి. దాని జనరిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం మొదట ఎవరికొచ్చింది? హెటిరోకు, 2022 డిసెంబర్‌ల. అది హైదరాబాద్ కంపెనీనే. కానీ గుండె మందులు, రక్తం పల్చబడే మందులు వేసుకునేటోళ్లకు రిటోనావిర్ ప్రమాదం. చీటీ చూసి, ఏమేం మింగుతున్నడో అడిగి ఇయ్యాల్సిన మందు.

మేనమామ: అడుగుత. నన్ను అడగమని, ఏమడగాల్నో రాసిచ్చి, ఎవరన్న చెప్తే అడుగుత. ఇప్పటిదాక మాకు ధర మారిన కాయితం వచ్చింది, స్టాక్ లేదన్న ఫోన్ వచ్చింది. ఏ మందు ఎన్నో రోజుదో చెప్పే కాయితం ఏ ఆఫీసు నుంచి రాలే బిడ్డా. అది మీరు పంపాలె. చీటీ వేసేది మా దవాఖానల వేయాలె. ఆ రెండు చేసినంక వచ్చి, నువ్వు తప్పు చేసినవు మామా అని అను. అప్పుడు పడత.

మేనకోడలు: హిల్ కాలనీ దవాఖానల ముందు పరీక్ష అదే రోజు తేలాలె. అది లేకుండ మూడో రోజు మందు ఎవరికీ ఇయ్యలేం.

మేనమామ: అయితే ముందు అది అడుగుదాం. జిల్లా అధికారికి కాయితం నువ్వు రాయి. కింద నేను సంతకం పెడత, మా మందుల దుకాణాల సంఘంతోని పెట్టిస్త.